రాళ్ళ చదువంటే అంత చులకనా?

మన తెలుగిళ్ళల్లో చదువులు మొత్తం నాలుగు. కంప్యూటర్ సైన్సు, కంప్యూటర్ సైన్సు సీటు రాకపోతే ఎలక్ట్రానిక్సు, డబ్బులుంటే మెడిసిన్, ఆఖర్న "ఏదీ రానివాళ్ళు చదివేవి". ఈ నాలుగో డబ్బాలో తెలుగు ఎమ్మే నుంచి జియాలజీ దాకా అన్నీ పడేసి మూత పెట్టేస్తాం. దాంట్లోంచి ఎవరైనా తల బయటపెట్టి "నేను జియాలజీలో ఎమ్మెస్సీ చేసి ఆయిల్ కంపెనీలో చేరతా" అన్నారో, ఇక చూడండి! ఇంట్లోవాళ్ళకి నిద్రపట్టదు, చుట్టాలకి నోరు ఊరుకోదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా పిన్నికొడుకు సరిగ్గా అదే అన్నాడు. రాజోలు దగ్గర వాళ్ళ ఊరు. బీయెస్సీలో జియాలజీ ఒక సబ్జెక్టుగా చదివాడు. జామ్ పరీక్ష రాసి ఒక ఐఐటీలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నాడు. బాబాయ్ నాకు ఫోన్ చేసి "ఒరేయ్, నీ మాటైతే వింటాడు, వాణ్ణి అమీర్‌పేట తీసుకెళ్ళి ఏదో ఒక కోర్సులో చేర్పించరా" అన్నాడు. ఈ ముక్క ఆఫీసులో భోజనాల దగ్గర చెబితే మావాళ్ళు రెండు జట్లయిపోయారు. ఒక జట్టు "రాళ్ళు ఏరుకునే ఉద్యోగమా?" అని నవ్వింది. రెండో జట్టు "ఆయిల్ కంపెనీ అంటే మాటలా, డాలర్ల వాన కదా, మనమూ పెట్రోలియంలో ఎమ్మెస్ చేస్తే పోలా" అంది. నాకు రెండు జట్ల మీదా ఒళ్ళు మండింది. ఆ మంటే ఈ టపా :)

ముందే చెప్పేస్తున్నా, నేను జియాలజిస్టుని కాదు. బీటెక్ చదివి అందరిలాగే సాఫ్ట్‌వేర్లో పడ్డవాణ్ణి. కాకపోతే మూడేళ్ళపాటు సీస్మిక్ డేటాని తెరమీద చూపించే సాఫ్ట్‌వేర్ రాసే టీములో పనిచేశాను. మా ప్రోగ్రాము వాడేవాళ్ళందరూ జియాలజిస్టులు, జియోఫిజిసిస్టులే. వాళ్ళు చెప్పే బగ్గులు సరిచేస్తూ, అర్ధరాత్రి కాల్స్‌లో వాళ్ళ వాదులాటలు వింటూ మూడేళ్ళు గడిపితే, వాళ్ళ పనేమిటో ఎంతో కొంత అర్థమవుతుంది కదా. ఆ మాత్రం అర్హతతోనే రాస్తున్నా.

"రాళ్ళు చూసి ఏం చేస్తాడండీ?"

నూనె భూమిలో చెరువులాగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పైపు దింపితే చాలు, లాగెయ్యడమేనని. అలా ఉండదు. తడిసిన ఇటుకలో నీళ్ళున్నట్టు, రాతిలోని సన్నటి రంధ్రాల్లో ఉంటుంది. అక్కడ ఉండాలంటే ఐదు సంగతులు కలిసిరావాలి:

1. సోర్స్ రాక్. ఎప్పుడో చచ్చిన జీవపదార్థం బురదతో కలిసి రాయైపోయి, సరైన లోతుకి దిగి, సరైన వేడిలో ఉడికి ఉండాలి. తక్కువ ఉడికితే నూనె రాదు. మరీ ఎక్కువ ఉడికితే నూనె పోయి గ్యాసే మిగులుతుంది.

2. రిజర్వాయర్. ఆ నూనెని పట్టి ఉంచడానికి రంధ్రాలున్న రాయి కావాలి. రంధ్రాలుంటే చాలదు, వాటికి ఒకదానితో ఒకటి దారి ఉండాలి.

3. సీల్. పైకి జారిపోకుండా మూతలాంటి బిగువైన రాతిపొర.

4. ట్రాప్. పొరలు వంగో, విరిగో, అంచుల్లో సన్నబడో ఏర్పడ్డ గిన్నెలాంటి ఆకారం. కాకపోతే బోర్లించిన గిన్నె.

5. టైమింగు. నూనె ప్రయాణం మొదలయ్యేనాటికే ఆ గిన్నె తయారై ఉండాలి. బస్సు వెళ్ళిపోయాక బస్టాండు కడితే ఏం లాభం?

మన భాషలో చెప్పాలంటే ఈ ఐదింటి మధ్యా ఉన్నది "అండ్" కండిషను, "ఆర్" కాదు. ఒక్కోదాని మీదా 70 శాతం నమ్మకం ఉందనుకోండి. వినడానికి బాగానే ఉంది కదా? ఐదింటినీ గుణించండి. 17 శాతం దగ్గర తేలుతుంది. లోతు సముద్రంలో ఒక్క బావికి కొన్ని వందల కోట్ల రూపాయలవుతుంది. "ఈ 17 శాతాన్ని నమ్మి తవ్వుదామా, వద్దా?" అన్న ప్రశ్నకి జవాబు తయారుచేసేవాడే మనం నవ్వుతున్న ఆ "రాళ్ళవాడు".

అతని చేతిలో ఏముంటుంది? సముద్రం మీద ఓడ నుంచి శబ్దతరంగాలు పంపితే కిందున్న పొరల మీద తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనులు కొన్ని. ఎప్పుడో తవ్విన నాలుగైదు పాత బావుల రికార్డులు. అంతే. బావికీ బావికీ మధ్య ఇరవై కిలోమీటర్లలో ఏముందో ఊహించాలి. ఆ ఊహకి ఆధారం, ఆ రాయి ఎలా పుట్టిందో తెలియడం. నది తెచ్చిన ఇసకా? సముద్రపు లోతుల్లో జారిపడ్డ ఇసకా? డెల్టా అంచులో పేరుకున్న బురదా? నది తెచ్చిన ఇసకైతే వంకర్లు తిరుగుతూ పోతుంది, పక్కకి రెండొందల మీటర్లు జరిగితే మాయమవ్వచ్చు. ఇది తెలియాలంటే నిజమైన నదిని, నిజమైన రాతిని కాళ్ళతో నడిచి చూసి ఉండాలి. తెరమీద రంగులు చూసినంత మాత్రాన రాదు. ఆ రంగులు వేసే కోడు రాసినవాణ్ణి, నా మాట నమ్మండి.

రిగ్గు మీద పని ఇంకో రకం. తవ్వుతుంటే బురదతోపాటు రాతి ముక్కలు పైకొస్తాయి. ఇప్పుడు చేతికొచ్చిన ముక్క ఇప్పటి లోతుది కాదు, పైకి రావడానికి పట్టిన టైమంత వెనకటిది. ఆ తేడా లెక్కగట్టి, ముక్కల్ని కడిగి, మైక్రోస్కోపు కింద చూసి, అల్ట్రావయొలెట్ దీపం కింద నూనె మెరుపుందేమో చూసి, తెల్లారుజామున మూడింటికి "ఇక్కడ ఆపండి, కోర్ తీద్దాం" అని చెప్పాలి. రెండు వారాలు రిగ్గు మీద, రెండు వారాలు ఇంట్లో. కొన్నిచోట్ల 28 రోజుల చొప్పున. ప్రొడక్షన్ సపోర్టుకి రాత్రిళ్ళు మేలుకునే మనం దీన్ని చూసి నవ్వడం ఏమిటో నాకర్థం కాదు.

అంకె తప్పితే ఏమవుతుంది?

"సరే, గొప్ప పనే. దానివల్ల మనకేంటి?" అనేవాళ్ళ కోసం మన కృష్ణా-గోదావరి బేసిన్ కథ చెబుతా. దీన్ని మించిన పాఠం నాకు దొరకలేదు.

2002లో కాకినాడకి ఎదురుగా లోతు సముద్రంలో, డీ6 బ్లాకులో రిలయన్స్‌కి గ్యాస్ దొరికింది. 2009 ఏప్రిల్లో ఉత్పత్తి మొదలైంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అంచనా. 2010లో 6 కోట్లు దాటింది కూడా. అక్కడితో సరి. 2013కల్లా కోటిన్నర కంటే కిందికి పడిపోయింది. భూగర్భం మేం అనుకున్నదానికన్నా చిక్కుగా ఉందని కంపెనీ అంది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. ఇద్దరి మాటల్లోనూ ఉన్న ప్రశ్న మాత్రం జియాలజీదే. ఆ ఇసక పొరలకి ఒకదానితో ఒకటి ఎంత దారి ఉంది, ఎన్ని బావులు వేస్తే ఎంత వస్తుంది?

ఆ అంచనాలని నమ్ముకుని మన రాష్ట్రంలో ఏం కట్టుకున్నామో గుర్తుందా? గ్యాస్‌తో నడిచే కరెంటు ప్లాంట్లు. గ్యాస్ రాక అవి ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి. సామర్లకోట దగ్గర 2,400 మెగావాట్ల ప్లాంటు గ్యాస్ లేకపోవడంతో నడవనేలేదు. బ్యాంకుల అప్పులు, ఉద్యోగాలు, కరెంటు కోతలు... అన్నిటి వెనకా ఇసకపొరల గురించి వేసుకున్న అంచనాలున్నాయి.

పక్క బ్లాకులో ఇంకో కథ. 2005లో గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్‌కి 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ఆర్భాటంగా ప్రకటించారు. తర్వాత ఆమోదం పొందిన ప్రణాళికలో బయటికి తియ్యగలిగింది దాదాపు దాంట్లో పదోవంతు. గ్యాస్ లేదని కాదు. రాయి మరీ బిగువు, వేడీ పీడనమూ మరీ ఎక్కువ. రంధ్రాల్లో గ్యాస్ ఉన్నా బయటికి ప్రవహించదు. "ఉన్నది", "తియ్యగలిగింది" అన్న రెండు మాటల మధ్య తేడా తెలిసుంటే ఆ ఆర్భాటాన్ని ఎవరైనా అనుమానించేవారు. చివరికి 2017లో అందులో 80 శాతం వాటాని ఓఎన్‌జీసీ 7,738 కోట్లు పెట్టి కొనుక్కుంది. ప్రభుత్వ కంపెనీ కాబట్టి అది నాదీ మీదీ కూడా డబ్బే.

అలాగని అంతా నిరాశ కాదు. అదే డీ6లో 2020 డిసెంబర్లో, 2021లో, 2023లో కొత్త ఫీల్డులు మొదలయ్యాయి. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ తన 98/2 బ్లాకు నుంచి మొదటి నూనె తీసింది. పాత డేటాని మళ్ళీ చదివి, పాత తప్పుల నుంచి నేర్చుకున్నవాళ్ళు లేకపోతే ఇవి జరిగేవి కావు. మరి అలా చదివేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? అమీర్‌పేట నుంచైతే రారు కదా!

మాస్టర్సు ఎందుకు?

ఇది మా బాబాయ్ అడిగిన ప్రశ్నే. "డిగ్రీ అయింది కదరా, ఉద్యోగమేదో ఇప్పుడే చూసుకోవచ్చు కదా, మళ్ళీ రెండేళ్ళెందుకు?"

ఎందుకంటే, ఈ రంగంలో మాస్టర్సే అసలు డిగ్రీ. మనకి బీటెక్ ఎలాగో వాళ్ళకి ఎమ్మెస్సీ, ఎమ్మెస్ అలాగ. బీయెస్సీతో మహా అయితే మడ్ లాగింగ్ కంపెనీలో చేరొచ్చు. అక్కణ్ణుంచి పైకెక్కడం కష్టం. ఓఎన్‌జీసీ జియాలజిస్టు పోస్టుకే పీజీ అడుగుతుంది. ఒక్కో ఏడాది గేట్ స్కోరుతో తీసుకుంటారు, ఒక్కో ఏడాది సొంత పరీక్ష పెడతారు, కానీ పీజీ మాత్రం కావాల్సిందే. ఎంపికైతే మూల వేతనమే 60,000 దగ్గర మొదలవుతుంది. "రాళ్ళు ఏరుకునే" ఉద్యోగం మరి!

మన దేశంలో దారులు బాగానే ఉన్నాయి. జామ్ రాస్తే ఖరగ్‌పూర్, బొంబాయి, రూర్కీ, ధన్‌బాద్ లాంటి చోట్ల సీట్లున్నాయి. ధన్‌బాద్ స్కూల్ ఆఫ్ మైన్స్ 1926 నాటిది, ఐఐటీ అని పిలవడం 2016 నుంచి. మన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, హైదరాబాదులో ఉస్మానియా ఉంది. 1961 నుంచి ఎన్‌జీఆర్‌ఐ హైదరాబాదులోనే ఉంది. పెట్రోలియం కోసమే ప్రత్యేకంగా 2016లో విశాఖలో ఒక జాతీయ సంస్థ కూడా పెట్టారు. హబ్సిగూడ మీంచి రోజూ ఆఫీసుకెళ్ళే మనవాళ్ళలో ఎంతమందికి ఎన్‌జీఆర్‌ఐ గోడ వెనక ఏం జరుగుతుందో తెలుసు?

విదేశాల సంగతి. అమెరికాలోనూ ఆయిల్ కంపెనీలు జియాలజిస్టుగా తీసుకునేది ఎక్కువగా థీసిస్ రాసిన ఎమ్మెస్ వాళ్ళనే. ఆస్టిన్, హ్యూస్టన్, ఓక్లహోమా, కొలరాడో మైన్స్ లాంటి చోట్లకి ఈ రంగంలో పాత పేరుంది. కంప్యూటర్ సైన్సు ఎమ్మెస్‌కీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మనవాళ్ళు పొలం తాకట్టుపెట్టి ఫీజు కట్టి చదివొస్తారు. జియాలజీలో మంచి థీసిస్ ప్రోగ్రాముల్లో చాలావాటిలో టీచింగ్ అసిస్టెంటుగానో, రిసెర్చ్ అసిస్టెంటుగానో పని ఇచ్చి ఫీజు మాఫీ చేస్తారు. అన్నిచోట్లా కాదు, అందరికీ కాదు. అందుకే దరఖాస్తుకి ముందే ప్రొఫెసర్‌కి ఉత్తరం రాయాలి, ఆయన ఏం పరిశోధిస్తున్నారో చదివి మరీ రాయాలి. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్, అది నచ్చితే ఉద్యోగం, ఇదీ అక్కడి మామూలు దారి. ఇంపీరియల్ బ్యారెల్ అవార్డు అని విద్యార్థుల పోటీ ఒకటుంది. ఐదుగురి జట్టుకి నిజమైన బేసిన్ డేటా ఇచ్చి, కొన్ని వారాల్లో "ఎక్కడ తవ్వాలో చెప్పండి" అంటారు. వినేది ఆయిల్ కంపెనీలవాళ్ళే. మన హ్యాకథాన్ల కంటే నాకు ఇదే నచ్చింది, కనీసం పిజ్జా కోసం ఎవరూ రారు.

వీసా విషయంలో మాత్రం జియాలజీకి మినహాయింపేం లేదు. స్టెమ్ కింద అదనపు ఓపీటీ వస్తుంది కానీ, హెచ్-1బి లాటరీ తప్పదు. పైగా ధర పడిపోయిన ఏడాది స్పాన్సర్ చేసే కంపెనీలు ఇంకా తగ్గుతాయి. ఇది చెప్పకుండా "టెక్సాస్ వెళ్ళు, లైఫ్ సెటిల్" అనేవాణ్ణి నమ్మకండి.

ఇక నా తోటి సాఫ్ట్‌వేర్ సోదరసోదరీమణులకి

రెండో జట్టు మీద నాకు ఇంకా కోపం. బెంచి మీద ఉన్నప్పుడల్లా కొత్త వృత్తి కనిపెట్టే జట్టు ఇది. "పైథాన్ వచ్చు, మెషీన్ లెర్నింగ్ వచ్చు, ఆరు వారాల జియోసైన్స్ సర్టిఫికెట్ చేస్తే ఆయిల్ కంపెనీలో దూరిపోవచ్చు" అంటారు. దూరిపోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా. నాలాగే. జియాలజిస్టుగా కాదు.

మా టీములోకి ఒకసారి సీస్మిక్‌లో ఫాల్టుల్ని దానంతటదే పట్టే మోడల్ వచ్చింది. బ్రహ్మాండంగా గీతలు గీసేది. ఒక పెద్దాయన, ముప్ఫయ్యేళ్ళ అనుభవం, రెండు నిమిషాలు చూసి "ఈ మూడు ఫాల్టులూ ఒకే కాలంలో ఈ దిశల్లో పుట్టడం కుదరదు, ఇది డేటాలో ఉన్న చారల్ని ఫాల్టులనుకుంటోంది" అన్నాడు. మేం తవ్వి చూస్తే డేటా సేకరించిన ఓడ నడిచిన దారే ఆ చారలు! ఆయనకి పైథాన్ ఒక్క ముక్క రాదు. అసాధ్యమైన రాయి ఏదో మాత్రం తెలుసు. పైథాన్ తెలిసిన జియాలజిస్టుకి రేపు గిరాకీ ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ మాటలో నామవాచకం జియాలజిస్టు. పైథాన్ విశేషణం మాత్రమే.

నిజంగా మారాలనుకుంటే దారి ఉంది, కాకపోతే పొడుగు దారి. మన దేశంలో చాలా ఎమ్మెస్సీలకి డిగ్రీలో జియాలజీ ఉండాలి. బీటెక్ వాళ్ళకి ఎమ్‌టెక్కుల్లోనూ, విదేశీ ఎమ్మెస్సుల్లోనూ కొన్నిచోట్ల తలుపు తెరుస్తారు. కానీ ముందు లోటు కోర్సులు చెయ్యమంటారు. మినరాలజీ, పెట్రాలజీ, స్ట్రక్చరల్ జియాలజీ, సెడిమెంటాలజీ, స్ట్రాటిగ్రఫీ. వాటిమీద ఫీల్డ్ క్యాంపు. కొన్ని వారాలు కొండల్లో తిరిగి, సుత్తి, కంపాసు పట్టుకుని చేత్తో మ్యాపు గియ్యాలి. రెండేళ్ళ చదువు మూడేళ్ళవుతుంది. జీతం ఉండదు, హోమ్ లోన్ ఉంటుంది. ఇది విన్నాక కూడా కళ్ళు మెరిస్తే వెళ్ళండి, నేనే రికమెండేషన్ లెటర్ రాస్తా. విన్నాక మొహం వాడిపోతే మీకు కావాల్సింది జియాలజీ కాదు, కొత్త మేనేజరు.

కన్సల్టెన్సీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నూనె ధర వంద డాలర్లు దాటితే చాలు, బ్రోషర్ల మీద "పెట్రోలియం" అన్న మాట పెద్దక్షరాల్లోకి వచ్చేస్తుంది. పిల్లవాడికి రాయంటే ఇష్టమో కాదో అడగరు. వాళ్ళకి కమిషన్ వచ్చేది అడ్మిషన్‌కి, ఉద్యోగానికి కాదు.

"ఆయిల్ ధర పడితే వీధిన పడతాడు కదా?"

ఇది మాత్రం గట్టి ప్రశ్న. తప్పించుకోను. 1986లో ధర సగానికి పైగా కూలింది. 1998లో పది డాలర్ల దగ్గరకొచ్చింది. 2008 జులైలో 147, అదే ఏడాది డిసెంబర్లో ముప్ఫై చిల్లర. 2014 మధ్యలో వంద పైన, 2016 మొదట్లో 30 కంటే కింద. 2020 ఏప్రిల్ 20న అమెరికా నూనె ఫ్యూచర్స్ ధర సున్నా కంటే కిందికి, మైనస్ 37 డాలర్లకి పోయింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మా క్లయింటు దగ్గర మాతో రోజూ మాట్లాడే నలుగురు జియాలజిస్టుల్లో ముగ్గురు ఆ వేసవి దాటేలోపు ఆ కంపెనీలో లేరు. పనిలో ఏ వంకా లేనివాళ్ళు. కాబట్టి ఈ ప్రమాదం నాకు పేపర్లో చదివి తెలిసింది కాదు.

దీంట్లో ఒక క్రూరమైన లెక్కుంది. ధర పైకెళ్ళినప్పుడు అందరూ ఈ చదువులో చేరతారు. రెండు మూడేళ్ళ తర్వాత అందరూ ఒకేసారి బయటికొస్తారు, సరిగ్గా అప్పటికి ధర పడి ఉంటుంది. ధర పడ్డప్పుడు ఎవరూ చేరరు, అందుకే ధర లేచాక మనుషులు దొరకరు. అంచేత "ఇప్పుడు ధర ఎంతుంది?" అని చూసి ఈ చదువులో చేరడం అన్నిటికన్నా తెలివితక్కువ పని. బాగుందని చేరకూడదు, బాగాలేదని మానకూడదు.

కానీ ఈ ప్రశ్న సాఫ్ట్‌వేర్ వాళ్ళ నోట వింటే మాత్రం నాకు నవ్వొస్తుంది. 2001లో ఏమైంది? 2009 జనవరిలో హైదరాబాదులో సత్యం ఉద్యోగుల ఇళ్ళల్లో పరిస్థితేంటి? 2022, 2023ల్లో ఎంతమంది పొద్దున్నే లాగిన్ అవ్వబోతే పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు? మన రంగంలో జరిగితే "ఫేజ్ అండీ, సర్దుకుంటుంది" అంటాం. వాళ్ళ రంగంలో జరిగితే "చెప్పానా, ఆ చదువే దండగ" అంటాం. ఒకే జబ్బుకి రెండు పేర్లెందుకు?

ప్రమాదానికి మందు ఉంది. చదివే డిగ్రీ పేరు "పెట్రోలియం" కంటే "జియాలజీ" అయితే మంచిది. ఆయిల్ దాంట్లో ఒక ప్రత్యేకత కావాలి, అదే పునాది కాకూడదు. ఇసకరాతి రంధ్రాల్లో నూనె ఎలా కదులుతుందో తెలిసినవాడికి నీళ్ళెలా కదులుతాయో నేర్చుకోవడం కష్టం కాదు. సీల్ గట్టిదా కాదా అని చెప్పగలిగినవాడు కార్బన్ డయాక్సైడుని భూమిలో దాచే ప్రాజెక్టులకీ పనికొస్తాడు. నార్వేలో స్లైప్నర్ ఫీల్డు దగ్గర 1996 నుంచి అదే చేస్తున్నారు. భూతాపంతో కరెంటు, లిథియం లాంటి ఖనిజాల వేట, సొరంగాలు, డ్యాములు... అన్నిటికీ ఇదే చదువు. జియలాజికల్ సర్వేకి యూపీయస్సీ విడిగా పరీక్షే పెడుతుంది. నూనె పడిపోయినా నిలబడే చదువు జియాలజీ. ఇక "పర్యావరణం పాడవుతుంది కదా" అనేవాళ్ళకి ఒకటే మాట. ఆ దిగులు నాకూ ఉంది. కానీ రేపు కార్బన్‌ని ఎక్కడ పాతిపెట్టాలో చెప్పాల్సింది కూడా వీళ్ళే. పెట్రోలు పోయించుకుంటూ దాన్ని వెతికేవాణ్ణి మాత్రం తిట్టడం ఏం న్యాయం?

మన నేల, మన పేర్లు

కృష్ణా-గోదావరి బేసిన్ గురించి రాసిన ఏ పరిశోధన పత్రమైనా తెరిచి చూడండి. రాఘవాపురం షేల్, గోళ్ళపల్లి శాండ్‌స్టోన్, మండపేట శాండ్‌స్టోన్, తిరుపతి శాండ్‌స్టోన్ (పెద్ద తిరుపతి కాదు, ద్వారకా తిరుమల వైపుది), రాజోలు బసాల్టు, పాశర్లపూడి ఫార్మేషన్, రవ్వ ఫార్మేషన్, నర్సాపురం క్లేస్టోన్. అన్నీ మన పేర్లే! హ్యూస్టన్లో కూర్చున్న దొరలు నాలిక తిప్పుకుంటూ "రాఘవాపురం" అనడం నేను కాల్‌లో విన్నాను. ఆ షేల్ పది కోట్ల ఏళ్ళకి పైబడిన బురద, ఈ బేసిన్లో ముఖ్యమైన సోర్స్ రాక్. రాజోలు బసాల్టు దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా. రాజమండ్రి పక్కన కంకర క్వారీల్లో పైకి తేలి కనిపిస్తుంది. డైనోసార్లు అంతరించిన కాలం గురించి తెలుసుకోవడానికి విదేశాల నుంచి వచ్చి మరీ ఆ క్వారీలని చూసి వెళ్ళారు. మనం వాటి పక్కనుంచి లారీల దుమ్ము తిట్టుకుంటూ పోయాం.

ఈ నేల కింద సంపదకి కోనసీమ కట్టిన ధర తక్కువేం కాదు. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మంటలు మనవి, చావులు మనవి. గ్యాస్‌లో మా వాటా ఏదని మన నాయకులు అడుగుతుంటారు, అడగాల్సిందే. కానీ ఆ చదువులో మా వాటా ఏదని ఎవరూ అడగరు. ఊళ్ళోకి వచ్చి "ఇక్కడ తవ్వితే ప్రమాదం లేదు" అని చెప్పే ఇంజనీరుని ఎదురు ప్రశ్న అడగగలిగేవాడు ఊళ్ళో ఒక్కడుండాలి కదా? పొర ఏమిటి, పీడనం ఎంత, పాత బావి కేసింగు వయసెంత అని అడగగలిగేవాడు? ఆ ఒక్కణ్ణీ కూడా మనం అమీర్‌పేట పంపిస్తామంటే ఏం చెప్పను!

కాబట్టి పెద్దలారా, ఇంట్లో పిల్లో పిల్లాడో జియాలజీ అన్నప్పుడు "ప్యాకేజీ ఎంత?" అన్న ప్రశ్న కాస్త ఆపుకోండి. ఆడపిల్లైతే "రిగ్గు మీదకి ఎలా పంపుతాం?" అన్నది కూడా ఆపుకోండి, రిగ్గుల మీద ఆడవాళ్ళు పనిచేస్తూనే ఉన్నారు. బదులుగా ఇవి అడగండి: ఎండలో రోజంతా నడవగలవా? "తెలియదు, 17 శాతం" అని పదిమంది ముందు ధైర్యంగా చెప్పగలవా? నువ్వు చెప్పిన చోట తవ్వి ఏమీ దొరక్కపోతే మర్నాడు మళ్ళీ మ్యాపు ముందు కూర్చోగలవా? రెండేళ్ళు ఉద్యోగం దొరక్కపోతే నీళ్ళో, ఖనిజాలో, ఇంకేదో పట్టుకుని నిలబడగలవా?

నాలుగింటికీ "ఊఁ" అంటే దారికి అడ్డం తప్పుకోండి. కంప్యూటర్ సైన్సు చదివేవాళ్ళకి కొరతేం రాదు, ఆ పూచీ నాది. మన కాళ్ళ కింద ఏముందో చదవగలిగేవాళ్ళకే కొరత.